గౌతమీపుత్ర శాతకర్ణి: తల్లి పేరు ధరించిన విజేత



ప్రతి ఉగాదినాడు మన యిండ్లలో పంచాంగ శ్రవణము జరుగుచుండును. అందు శాలివాహన శకమను మాట తప్పక వినబడును. పరదేశమున పుట్టి పెరిగిన మన పిల్లలు ఆ శాలివాహను డెవ్వడని అడుగుదురు. గౌతమీపుత్ర శాతకర్ణియే శాలివాహనుడు, శకులను జయించి ఆయన ఈ శకమును నెలకొల్పెను అని పెద్దలు తరచుగా చెప్పుదురు. 2017లో ఆయన పేర చలనచిత్రము వెలువడిన తరువాత ఈ మాట మరింత వ్యాపించినది.

ఈ సమాధానమును కొంచెము సరిదిద్దవలసియున్నది. క్రీ.శ. 78లో మొదలైన శకము ఆయన స్థాపించినది కాదు. ఆయన తన శాసనములందు ఏ శకమును వాడక, తన పట్టాభిషేకము మొదలు గడచిన యేండ్లనే లెక్కించెను. ఆ శకమును తరతరములుగా వాడినవారు ఆయన సంతతితో పోరిన శక క్షత్రపులే. శాలివాహన నామము దానికి చేరినది వేయి యేండ్లకు పైగా గడచిన తరువాతనే. అయినను ఆ మహావీరుని కీర్తికి ఇందువలన లోపము లేదు. ఆయన నిజముగా చేసిన పని కట్టుకథలకంటె గొప్పది. ఆ పని మనకు తెలియుటకు కారణమైన తల్లి కథ అంతకంటె గొప్పది.

వంశము, ఆపద

శాతవాహనులను పురాణములు ఆంధ్రులని పేర్కొన్నవి. తెలంగాణములో గోదావరి యొడ్డున నున్న కోటిలింగాలలో ఆ వంశపు తొలి రాజుల నాణెములు దొరికినవి. అదే గోదావరి యొడ్డున, నేటి మహారాష్ట్రములోని ప్రతిష్ఠానము వారి రాజధాని. దానినే ఇప్పుడు పైఠన్ అందురు. ఆ వంశములో మొదటి శాతకర్ణి అశ్వమేధములు చేసిన ప్రతాపశాలి. ఆయన రాణి నాగనిక నానేఘాట్ కనుమలోని గుహలో ఆ యజ్ఞములను, దానములుగా ఇచ్చిన గోవులను, గుఱ్ఱములను, ఏనుగులను, కార్షాపణములను శాసనముగా చెక్కించెను. ఆ వంశపు స్త్రీలు చరిత్రను రాతికెక్కించు వాడుక అంత పాతది.

తరువాత ఆ వంశమునకు కష్టకాలము వచ్చినది. క్షహరాత వంశమునకు చెందిన శక క్షత్రపుడు నహపానుడు పడమటి తీరమును ఆక్రమించెను. భరుకచ్ఛము, శూర్పారకము అను రేవులు, నాసిక్, కార్లే, జున్నర్ ప్రాంతములు అతని వశమైనవి. శాతవాహనులు తమ వంశము పుట్టి పెరిగిన నేలలో అధిక భాగమును కోల్పోయిరి.

నహపానుని వంశమువారిని కేవలము అనాగరికులుగా తలచుట న్యాయము కాదు. అతని యల్లుడు ఉషవదాతుడు నాసిక్ గుహలలో చెక్కించిన శాసనములను బట్టి చూడగా, అతడు నదులపై ఉచితముగా పడవలు నడిపించెను, బాటసారులకు సత్రములు కట్టించెను, బ్రాహ్మణులకు, బౌద్ధ భిక్షువులకు దానములు చేసెను. శత్రువు బలవంతుడు, ధనవంతుడు, ప్రజల మన్ననకై పాటుపడినవాడు. అట్టి వానిని గెలుచుట సులభమైన పని కాదు.

రేవుల కొఱకు పోరు

ఈ పోరునకు మూలము రేవులలో వచ్చు సుంకము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఈజిప్టు నుండి వచ్చిన గ్రీకు వర్తకు డొకడు ఎఱ్ఱసముద్రపు యాత్రలను గూర్చి పెరిప్లస్ అను గ్రంథము వ్రాసెను. అందు కల్యాణి రేవునకు వచ్చిన గ్రీకు ఓడలను కాపలా పెట్టి భరుకచ్ఛమునకు తీసికొనిపోవుచుండిరని తెలిపియున్నాడు. అనగా శాతవాహనుల రేవు మూతపడి, సుంకమంతయు శత్రువు ఖజానాకు చేరుచుండెను. దక్కను పీఠభూమి నుండి కనుమల గుండా దిగిన సరకులు ఏ రేవులో ఓడ నెక్కినవో ఆ రేవు గలవానికే సైన్యము పోషించు శక్తి కలిగెను.

ఇచట బనియాస్‌లో నివసించు మనకు ఈ విషయము దగ్గరిది. అదే పెరిప్లస్‌లో భరుకచ్ఛము నుండి పెద్ద ఓడలు రాగి, చందనము, టేకు దూలములు, నల్లమాను కొయ్యలు ఎత్తుకొని పారసీక సింధుశాఖలోని అపోలోగస్, ఒమ్మన అను రేవులకు పోవుచుండెనని చెప్పబడినది. ఆ ఒమ్మన రేవు నేటి ఉమ్ముల్ కువైన్ ఎమిరేటులోని ఎద్-దూర్ అని పలువురు పండితుల అభిప్రాయము. 1973 మొదలు అచట జరిగిన త్రవ్వకములలో ఆ కాలపు ఆలయము, సమాధులు, రోమను గాజుపాత్రలు బయటపడినవి. బనీయాస్ తెగ పేరు గల ఈ మన ఊరి నుండి అచటికి కారులో సుమారు రెండు గంటల ప్రయాణము. శాతకర్ణి ఏ వ్యాపారమార్గము కొఱకు పోరెనో ఆ మార్గపు రెండవ కొన యిచటనే కలదు. మన నేలకును ఈ గల్ఫు తీరమునకును సంబంధము చమురుతో మొదలైనది కాదు.

పదునెనిమిదవ యేడు

గౌతమీపుత్రుడు సింహాసన మెక్కినది క్రీ.శ. 106 ప్రాంతమని పలువురు చరిత్రకారులు చెప్పుదురు. కొందరు ఇరువది, ముప్పది యేండ్లు ముందునకు జరుపుదురు. ఆయన కనీసము 24 యేండ్లు పాలించెనని శాసనములే చెప్పుచున్నవి. ఆ కాలములో అధిక భాగము శత్రువును ఎదుర్కొనుటకు కావలసిన బలమును సమకూర్చుకొనుటలోనే గడచియుండవలెను. ఏలయన నహపానునిపై గెలుపునకు మొదటి సాక్ష్యము పదునెనిమిదవ పాలనా సంవత్సరముననే కనబడుచున్నది.

ఆ సాక్ష్యము విజయస్తంభము కాదు, ఒక భూదానపత్రము. ఆ యేడు ఆయన విజయ స్కంధావారము నుండి, అనగా గెలిచిన సేన విడిది నుండి, గోవర్ధనములోని అధికారి విష్ణుపాలితునకు ఒక ఆజ్ఞ పంపెను. నాసిక్ దగ్గర త్రిరశ్మి కొండపై నున్న భిక్షువులకు 200 నివర్తనముల పొలమును ఇమ్మని ఆ ఆజ్ఞ. ఆ పొలము అంతవరకు ఉషవదాతుని అనుభవములో నున్నది. శత్రువు చేతి నుండి నేల మారినదనుటకు ఇంతకంటె స్పష్టమైన రుజువు అక్కరలేదు. సైనికులు ఆ పొలములో అడుగు పెట్టరాదని, ఉప్పు కొఱకు దానిని త్రవ్వరాదని, జిల్లా అధికారులు అందు జోక్యము చేసికొనరాదని కూడ ఆయన కట్టడి చేసెను. గెలిచిన సేనాపతి తన సొంత సైనికులకు హద్దు గీచుట గమనింపదగినది.

అదే సమయమున కార్లే గుహలలోని భిక్షువులకును ఒక గ్రామమును దానముగా ఇచ్చినట్లు శాసనము కలదు. స్వయముగా వైదిక ధర్మమును పాటించిన రాజు బౌద్ధ సంఘమునకు దానము చేయుట ఆ కాలపు ఔదార్యము.

నాణెముల సాక్ష్యము

1906లో నాసిక్ సమీపమున జోగల్‌తెంభి అను పల్లెలో వెండి నాణెముల రాశి యొకటి బయటపడినది. లెక్కింపగా 13 వేలకు పైగా తేలినవి. అవన్నియు నహపానుని నాణెములు. ఒక వైపు అతని ముఖము, దాని చుట్టును గ్రీకు అక్షరములు, రెండవ వైపు బ్రాహ్మీ, ఖరోష్ఠీ లిపులు గలవి. ఆ రాశిలో 9 వేలకు పైగా నాణెములపై శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించెను. శత్రువు ముఖముపై మూడు వంపుల కొండ గుర్తు, వెనుక వైపున ఉజ్జయినీ గుర్తు వెలసినవి.

ఆ నాణెములను ఆయన కరగింపలేదు. ఆ వెండి వర్తకుల చేతులలో, రైతుల మూటలలో చలామణిలో నున్నది. దానిని చెల్లదన్నచో నష్టపడునది ప్రజలే. అందువలన ప్రజల సొమ్మును వారి చేతులలోనే యుంచి, రాజు మారెనను వార్తను మాత్రము దానిపై ముద్రించెను. ఆ ముద్రల క్రింద నహపానుని చెక్కిలి, గ్రీకు అక్షరముల తునకలు నేటికిని కనబడును.

మూడు సముద్రముల నీరు

నహపానుని పతనముతో క్షహరాత వంశము అంతరించినది. శాతకర్ణి జైత్రయాత్ర అంతటితో ఆగలేదు. ఋషికము, అశ్మకము, మూలకము, సురాష్ట్రము, కుకురము, అపరాంతము, అనూపము, విదర్భ, ఆకరము, అవంతి అను దేశములకు ఆయన ప్రభువని శాసనము చెప్పుచున్నది. నేటి పేర్లలో చెప్పినచో ఇవి మహారాష్ట్రము, గుజరాతు, మాళవ ప్రాంతములు. వీనిలో అశ్మకము మన నిజామాబాదు జిల్లాలోని బోధన్ ప్రాంతము వరకు వ్యాపించిన దేశమని పండితుల మాట. వింధ్యము, సహ్యాద్రి, మలయము మొదలగు పర్వతములతోపాటు మహేంద్రగిరియు ఆయన ఏలుబడి క్రింద చెప్పబడినది. ఆ మహేంద్రగిరి మన శ్రీకాకుళమునకు ఎగువనున్న కొండయే. తోటల కూలికై వలసపోయిన మనవారిలో ఎందరో ఆ కొండ నీడనున్న పల్లెలవారు.

ఆయన వాహనములు మూడు సముద్రముల నీరు త్రాగినవని శాసనము కీర్తించినది. తూర్పు, పడమర, దక్షిణ సముద్రముల దాక ఆయన సేన నడచినదని దీని యర్థము. ప్రశస్తులలో కొంత అతిశయోక్తి సహజము. అయినను నాసిక్ భూదానము, జోగల్‌తెంభి నాణెములు ఆ ప్రశస్తి పునాది గట్టిదని నిరూపించుచున్నవి. ఏ యుద్ధము ఎక్కడ ఎట్లు జరిగినదో తెలుపు వర్ణన ఒక్కటియు మిగులలేదు. వెండితెరపై మనము చూచు పోరాటములు రచయితల కల్పనలు. మిగిలినవి యుద్ధ ఫలితములు మాత్రమే.

జయించిన తరువాత

ఆయన పాలనను గూర్చి శాసనము చెప్పు మాటలు మన్నింపదగినవి. ప్రజల సుఖదుఃఖములను తనవిగా తలచెననియు, ధర్మము ననుసరించియే పన్నులు తీసికొనెననియు, అపరాధము చేసిన శత్రువునైనను చంపుటకు ఇష్టపడలేదనియు, తల్లికి ఎడతెగని శుశ్రూష చేసెననియు అందు కలదు. చాతుర్వర్ణ్య సంకరమును ఆపెనని కూడ అదే శాసనము పొగడినది. అది ఆ కాలపు రాజులకు చెల్లిన పొగడ్త. మనము దానిని ఆ కాలపు మాటగానే చదువవలెను. ఆ పొగడ్తను చరిత్రయే త్రోసివేసినది. ఒకటి రెండు తరములలోనే శాతవాహన రాజొకడు శక మహాక్షత్రపుని కుమార్తెను వివాహమాడెను. కాన్హేరి గుహలోని శాసనము అందుకు సాక్షి.

పొగడ్తలకంటె ఆయన స్వభావమును చక్కగా తెలుపునది ఇరువదినాలుగవ పాలనా సంవత్సరపు చిన్న ఆజ్ఞ. ఆరేండ్ల క్రితము భిక్షువులకు ఇచ్చిన పొలము సాగులోనికి రాలేదు. ఆ గ్రామమున జనము నివసించుట లేదు. యుద్ధము నడచిన నేల పాడువడుట వింత కాదు. దానము వ్రాతలో మిగిలి, భిక్షాపాత్రలో గింజ పడలేదు. ఈ సంగతి విని రాజు, నగరపు పొలిమేరలో తన సొంత భూమి నుండి 100 నివర్తనములు ఇమ్మని క్రొత్త ఆజ్ఞ చేసెను. మొదటి దానము ఫలింపలేదని ఒప్పుకొని, దానిని సరిదిద్ది, ఆ ఒప్పుకోలును రాతిపై చెక్కించిన రాజులు అరుదు.

ఆ ఆజ్ఞ ఆయన ఒక్కనిది కాదు. అందు రాజుతోపాటు రాజమాత పేరును కలదు. ఆమె జీవసుత అని, అనగా కొడుకు బ్రతికియున్న తల్లి అని పేర్కొనబడినది. అప్పటికి రాజు అస్వస్థుడై యుండెనని, తల్లి రాజకార్యములు చూచుచుండెనని కొందరు చరిత్రకారులు ఊహించిరి. ఏమైనను ఆ విశేషణము చదివినప్పుడు మనసు కలుక్కుమనును. ఏలయన ఆ తల్లి పేరు మరల కనబడునప్పటికి ఆ కొడుకు లేడు.

తల్లి చెక్కించిన చరిత్ర

శాతకర్ణి గతించెను. ఆయన కుమారుడు వాసిష్ఠీపుత్ర పులుమావి రాజయ్యెను. పులుమావి పాలనలో పందొమ్మిదవ యేట వృద్ధురాలైన గౌతమీ బాలశ్రీ నాసిక్ కొండలో ఒక పెద్ద గుహను తొలిపించి భిక్షువులకు సమర్పించెను. దాని గోడపై ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఒక దీర్ఘ శాసనము వ్రాయించెను. ఆ శాసనమే నేడు మనకు తెలిసిన శాతకర్ణి చరిత్రకు ప్రధానాధారము. పైన చెప్పిన దేశముల పేర్లు, కొండల పేర్లు, మూడు సముద్రముల మాట, క్షహరాతుల నిర్మూలనము, శాతవాహన కీర్తి పునఃస్థాపనము అన్నియు ఆ తల్లి చెప్పించినవే.

దానము గుహ, పుణ్యము తనది, పాలించునది మనుమడు. అయినను శాసనములో అధిక భాగము మరణించిన కొడుకును గూర్చియే నడచినది. రాముడు, కేశవుడు, అర్జునుడు, భీమసేనుడు అను వీరులతో అతనిని పోల్చినది. తనను గూర్చి ఆమె చెప్పుకొన్నది కొద్దియే. సత్యము, దానము, క్షమ, అహింస తనకు ఇష్టములనియు, తపస్సు, నియమము తన జీవితమనియు, తాను మహారాజునకు తల్లి, మహారాజునకు నాయనమ్మ అనియు మాత్రమే. అందు భర్త పేరు లేదు.

కొడుకు పోయి సుమారు రెండు పదుల యేండ్లు గడచిన తరువాత ఆ తల్లి ఈ పని చేసెను. శాతకర్ణి తల్లి పేరును తన పేరుగా ధరించి గౌతమీపుత్రు డయ్యెను. ఆ తల్లి కొడుకు పేరును కాలగర్భములో కలిసిపోకుండ నిలిపెను. తల్లి పేరు ధరించు ఈ ఆచారము తరువాత మన విజయపురి ఇక్ష్వాకులలోను కొనసాగినది. నాగార్జునకొండ శాసనములలో వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు అను పేర్లు కనబడును.

నిలువనిది, నిలిచినది

శాతకర్ణి గెలిచిన రాజ్యమంతయు నిలువలేదు. టాలెమీ అను గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు పులుమావిని ప్రతిష్ఠానములోను, శక క్షత్రపుడు చష్టనుని ఉజ్జయినిలోను పేర్కొనెను. అనగా అవంతి అప్పటికే చేజారినది. చష్టనుని మనుమడు రుద్రదాముడు క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనములో దక్షిణాపథపతి యగు శాతకర్ణిని రెండుసార్లు ఓడించితిననియు, దగ్గరి బంధుత్వము వలన నాశనము చేయలేదనియు చెప్పుకొనెను. ఓడినది మన కథానాయకుడు కాదు, ఆయన తరువాతి తరమువాడని పలువురి మతము. సురాష్ట్రము, కుకురము, అనూపము, అపరాంతము, ఆకరావంతి, ఆ తల్లి గర్వముతో లెక్కించిన ఈ పేర్లే రుద్రదాముని జాబితాలో మరల కనబడుచున్నవి.

అయినను శాతవాహనులు నశింపలేదు. పులుమావి కాలమునాటి శాసనము అమరావతి స్తూపమున కలదు. కృష్ణాతీరము, కోస్తా ఆంధ్రము వారి ఏలుబడిలో వర్ధిల్లినవి. పులుమావి, తరువాతి రాజగు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణెములపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ కనబడును. పడమటి రేవులు చేజారినను తూర్పు సముద్రము వారికి దారి ఇచ్చినది. కష్టకాలమున శాతకర్ణి వంశమును నిలబెట్టనిచో ఆ తరువాతి కథ ఏదియు లేదు.

మనకు మిగిలిన పని

నాసిక్ దగ్గరి త్ర్యంబకమున గోదావరి పుట్టినది. గౌతమి ఆమెకు మరియొక పేరు. బాలశ్రీ గుహ ఆ నది పుట్టిన సీమలో నున్నది. ఆ నది దక్కనును దాటి, ఆంధ్రమున పాయలుగా చీలి, సముద్రమున కలియు చోటికి దగ్గరనే పూర్వము కోరంగి రేవు ఉండెను. ఆ రేవు నుండి ఓడ నెక్కిన మన పూర్వులను మారిషస్‌లోను, బర్మాలోను కోరంగులనియే పిలిచిరి. మద్రాసు రేవు నుండి నేటాలునకు, ఫిజీకి, మలయాకు వెళ్ళినవారు వేరు. తోటల రిజిస్టర్లలో వారికి ఒక సంఖ్య పడినది. పేరు ఆ గుమాస్తా చెవికి ఎట్లు వినబడిన అట్లు వ్రాయబడినది. ఇంటిపేరు కొన్ని కుటుంబములలో పోయినది, ఊరిపేరు అనేక కుటుంబములలో పోయినది. ముత్తవ్వ పేరు అడిగినచో మనలో ఎందరికి తెలియును?

మహారాజు చరిత్రయైనను ఒక తల్లి పూనుకొని వ్రాయించనిచో పేరు చెరిపిన కొన్ని నాణెములు, రెండు మూడు భూదానపత్రములుగా మిగిలియుండెడిది. చెఱకుతోటలలో, రబ్బరుతోటలలో చెమటోడ్చిన మన పూర్వుల పేర్లు వ్రాయుటకు కొండలు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. ఈ సంచికను చేతబట్టిన ప్రతి కుటుంబము ఈ పండుగనాడు ఇంటిలో పెద్దవారి దగ్గర కూర్చుండి, వారికి గుర్తున్నంతవరకు పేర్లు, ఊర్లు, ఓడల పేర్లు వ్రాసికొనవలెను. తాతల పేర్లతోపాటు అవ్వల పేర్లను తప్పక వ్రాయవలెను. ఏ పిల్లవాడైనను తన ముత్తవ్వ పేరు చెప్పగలిగిననాడు మనలోను ఒక గౌతమీపుత్రు డున్నట్లే.

శుభం భూయాత్.